బంకమట్టికి వేడి ఎప్పుడు తగలాలి? రేర్ ఎర్త్ అయాన్ల కోసం మట్టినీ ఉష్ణోగ్రతనూ ఎంచుకోవడం

బంకమట్టిని వేడి చేస్తే రేర్ ఎర్త్ అయాన్లను ఎక్కువ పడుతుందా, తక్కువ పడుతుందా? అడిగితే రెండు జవాబులూ వస్తాయి. రెండూ ప్రయోగాల్లో తేలినవే. ఒకరు వట్టి మట్టిని ఫర్నేస్‌లో కాల్చి, చల్లారాక ద్రావణంలో వేసి చూశారు. ఇంకొకరు మట్టీ ద్రావణమూ కలిపిన సీసానే వేడి చేశారు. మరొకరు అయాన్ పట్టించిన మట్టిని తీసి ఎండబెట్టి, అప్పుడు కాల్చారు. ముగ్గురూ రాసుకున్నది "వేడి ప్రభావం" అనే. లోపల జరిగింది మాత్రం మూడు వేర్వేరు పనులు.

అందుకే ఎంత వేడి అన్నదానికంటే ముందు, ఎప్పుడు వేడి అన్నది తేల్చుకోవాలి. అంతకంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది: పట్టిన అయాన్ మీకు తిరిగి కావాలా, లోపలే ఉండిపోవాలా? దీనికి జవాబు చెప్పుకోకుండా మట్టి కొనడం మొదలుపెడితే సగం పని వృథా అవుతుంది.

అయాన్ వైపు నుంచి చూస్తే

లాంథనం నుంచి లుటీషియం దాకా 15 మూలకాలు, వాటికి తోడు స్కాండియం, యిట్రియం కలిపితే రేర్ ఎర్త్‌లు 17. నీటిలో ఇవి దాదాపు అన్నీ మూడు ధనావేశాలున్న అయాన్లుగానే తిరుగుతాయి. లాంథనం నుంచి లుటీషియం వైపు పోయేకొద్దీ సైజు తగ్గుతుంది. చుట్టూ ఆరు పొరుగు అణువులున్నట్టు లెక్కిస్తే లాంథనం అయాన్ వ్యాసార్థం 1.03 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్ల వంతు), లుటీషియం 0.86. చిన్న అయాన్ నీటిని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. లాంథనం చుట్టూ తొమ్మిది నీటి అణువులుంటే లుటీషియం చుట్టూ ఎనిమిదే ఉంటాయి, కానీ ఆ ఎనిమిదింటినీ వదిలించడం ఎక్కువ కష్టం. మొత్తం నీటి తొడుగును ఊడబీకడానికి లాంథనం మోల్‌కు సుమారు 3,300 కిలోజౌళ్లు కావాలి, లుటీషియంకు 3,700 పైనే.

ఈ నీటి తొడుగే కథంతా నడిపిస్తుంది. తొడుగుతో ఉన్న అయాన్ మట్టి పొరల మధ్య వదులుగా కూర్చుంటుంది, ఉప్పునీళ్లు పోస్తే లేచి బయటికి వచ్చేస్తుంది. తొడుగు ఊడిన అయాన్ మట్టిలోని ఆక్సిజన్‌ను నేరుగా పట్టుకుంటుంది, ఇక ఉప్పుకు లొంగదు. వేడి చేసే ప్రధానమైన పని ఆ తొడుగును వదులు చేయడం.

మట్టి వైపు నుంచి చూస్తే

సాధారణంగా పోటీలో ఉండేవి కేయోలినైట్, మాంట్‌మోరిల్లోనైట్, ఇల్లైట్, హాలోయ్‌సైట్, వర్మిక్యులైట్. బజార్లో బెంటొనైట్ పేరుతో దొరికేదాంట్లో ముఖ్య ఖనిజం మాంట్‌మోరిల్లోనైటే.

మార్పిడి సామర్థ్యంతో, అంటే మట్టి తన దగ్గరున్న అయాన్లను వదిలి ఎన్ని ఆవేశాల మేర కొత్తవాటిని పట్టగలదో ఆ లెక్కతో మొదలుపెడదాం. దాన్ని మిల్లీ ఈక్వివలెంట్లలో, అంటే ఆవేశాల మిల్లీమోళ్లలో చెబుతారు. మాంట్‌మోరిల్లోనైట్‌కు 100 గ్రాములకు 80 నుంచి 120 మిల్లీ ఈక్వివలెంట్లు. కేయోలినైట్‌కు 3 నుంచి 15. ఇల్లైట్ 10 నుంచి 40 మధ్య. వర్మిక్యులైట్ మాంట్‌మోరిల్లోనైట్‌ను కూడా దాటి పోతుంది. ఈ అంకెల అర్థం తెలియాలంటే యూరోపియంతో లెక్క కట్టాలి. 100 మిల్లీ ఈక్వివలెంట్ల మట్టి అంటే గ్రాముకు ఒక మిల్లీ ఈక్వివలెంట్. అయాన్‌కు మూడు ఆవేశాలు కాబట్టి అందులో మూడో వంతు, 0.33 మిల్లీమోల్. యూరోపియం పరమాణు భారం 152, అంటే గ్రాము మట్టికి దాదాపు 50 మిల్లీగ్రాములు. అదే 5 మిల్లీ ఈక్వివలెంట్ల కేయోలినైట్ పట్టేది రెండున్నర మిల్లీగ్రాములే. ఇరవై రెట్ల తేడా.

ఈ లెక్క చూసి వెంటనే మాంట్‌మోరిల్లోనైట్ తెచ్చుకునేవాళ్లే ఎక్కువ. కాస్త ఆగండి. అది నీళ్లలో ఉబ్బి జిగురు అవుతుంది, ఫిల్టర్ మూసుకుపోతుంది, సెంట్రిఫ్యూజ్ లేకపోతే విడదీయడం నరకం. కాలమ్‌లో (ద్రావణం పారించే నిలువు గొట్టంలో) నింపితే కాసేపట్లో నీటి ధార ఆగిపోతుంది. కేయోలినైట్ తక్కువ పట్టినా బుద్ధిగా అడుగుకు దిగుతుంది. ప్రకృతి ఏది ఎంచుకుందో చూసినా ఆశ్చర్యంగానే ఉంటుంది: దక్షిణ చైనాలోని జియాంగ్సీ ప్రాంతంలో 1969లో బయటపడ్డ అయాన్ రకం నిక్షేపాల్లో రేర్ ఎర్త్‌లను పట్టి ఉంచింది ముఖ్యంగా కేయోలినైట్, హాలోయ్‌సైట్‌లే. ఆ మట్టిలో రేర్ ఎర్త్ వాటా 0.05 నుంచి 0.2 శాతం వరకే. అయినా గని నడుస్తుంది, ఎందుకంటే అమ్మోనియం సల్ఫేట్ ద్రావణం పోస్తే అయాన్ బయటికి వచ్చేస్తుంది, రాయి పగలగొట్టే పని లేదు.

వేడి ముందే తగిలితే

ఇక్కడ ఒక్కో మట్టిది ఒక్కో తీరు. మాంట్‌మోరిల్లోనైట్‌లో పొరల మధ్య నీరు 100 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ మధ్య చాలావరకు పోతుంది. 15 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా ఉండే పొరల దూరం 10 దగ్గరికి వస్తుంది. సోడియం, కాల్షియం లాంటి అయాన్లతో ఉన్న మట్టిని ఇంతవరకే వేడి చేస్తే భయం లేదు, నీళ్లలో వేయగానే మళ్లీ తెరుచుకుంటుంది. 500 నుంచి 700 డిగ్రీల మధ్య మట్టి నిర్మాణంలోని హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) కూడా నీరై పోతుంది. అక్కడితో ఉబ్బే గుణం పోతుంది, సామర్థ్యం పడిపోతుంది. గుళికలు చేసి కాలమ్‌లో వాడదామని 500 దాటించి కాల్చేవాళ్లు ఈ బేరం చేస్తున్నట్టే: నీళ్లు బాగా పారతాయి, పట్టేది తగ్గుతుంది. నా మట్టుకు నేను కాల్చడం కంటే కడిగిన ఇసుకతో కలిపి నింపడానికే ఓటు వేస్తాను.

లిథియం అయాన్లతో ఉన్న మాంట్‌మోరిల్లోనైట్ విషయంలో మాత్రం ఇంకో జాగ్రత్త కావాలి. 200 నుంచి 300 డిగ్రీలకు వేడి చేస్తే చిన్నదైన లిథియం అయాన్ పొరలోకే దూరిపోయి, మట్టి రుణావేశాన్ని తగ్గించేస్తుంది. హాఫ్‌మన్, క్లెమెన్ అనే ఇద్దరు 1950లో చూపించిన ప్రభావం ఇది. మట్టి చూడ్డానికి అలాగే ఉంటుంది, మార్పిడి చోట్లు మాత్రం పోయి ఉంటాయి.

కేయోలినైట్ పొరల మధ్య మామూలుగా నీరు ఉండదు, దూరం 7.2 ఆంగ్‌స్ట్రామ్‌లే. కాబట్టి 400 డిగ్రీల దాకా పెద్దగా ఏమీ జరగదు. 450 నుంచి 600 మధ్య హైడ్రాక్సిల్ పోయి మెటాకేయోలిన్ అవుతుంది, బరువులో దాదాపు 14 శాతం తగ్గుతుంది. క్రమం చెదిరిన ఈ పదార్థంలోంచి అల్యూమినియం యాసిడ్‌లోకి, క్షారంలోకి సులువుగా కరుగుతుంది. కొందరికి ఇది కావలసిందే, కానీ అయాన్ మార్పిడి కోసం కొన్నవాళ్లకు ఆ కరిగిన అల్యూమినియం తలనొప్పి, అదీ మూడు ఆవేశాల అయానే, పోటీకి దిగుతుంది. 980 డిగ్రీల దగ్గర ఇంకో మార్పు వచ్చి క్రమంగా మల్లైట్ (పింగాణీలో ఉండే గట్టి ఖనిజం) వైపు పోతుంది. అప్పటికి అది పింగాణీ బాటలో ఉన్నట్టు, మన పనికి రాదు.

ఇల్లైట్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. పొరల మధ్య పొటాషియం తాళం వేసినట్టు కూర్చుని ఉంటుంది. మూడు నాలుగు వందల డిగ్రీల దాకా వేడి దాన్ని పెద్దగా కదిలించదు, రేర్ ఎర్త్‌లకు అది ఇచ్చే చోటూ తక్కువే. మీ నేల నమూనాలో అదే ఉంటే తప్ప కోరి ఎంచుకోవలసిన మట్టి కాదు.

హాలోయ్‌సైట్ మాత్రం సున్నితం. దీని సంగతి నాకు ఎండబెట్టే పెట్టె నేర్పింది. తడి నమూనాను అలవాటు ప్రకారం రాత్రంతా 105 డిగ్రీల్లో పెట్టి, పొద్దున ఎక్స్‌రే తీస్తే పొరల దూరం చూపే శిఖరం, 10 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఉండాల్సింది, 7 దగ్గరికి వచ్చి కూర్చుంది. నీళ్లలో రెండు రోజులు నానబెట్టినా వెనక్కి రాలేదు. ఈ మట్టిలో పొరల మధ్య నీరు 60 డిగ్రీలకే, ఒక్కోసారి పొడి గాలికే పోతుంది. పోతే తిరిగి రాదు. దాన్ని తడిగానే దాచి, తడి బరువులోంచి నీటి శాతం వేరుగా కొలిచి లెక్క వేసుకోవాలి.

వేడి పట్టే సమయంలో తగిలితే

సీసాను 25 నుంచి 80 డిగ్రీలకు పెంచితే మొదట మారేది వేగం. నీటి చిక్కదనం 0.89 నుంచి 0.35 మిల్లీపాస్కల్ సెకన్లకు పడిపోతుంది, అయాన్ కదలిక దాదాపు మూడింతలవుతుంది. సమతుల్యత త్వరగా వస్తుంది. తొందరలో ఉన్నవాళ్లకు ఈ ఒక్క లాభం చాలు.

ఎంత పట్టుకుంటుందన్నది పీహెచ్‌ను బట్టి ఉంటుంది. పీహెచ్ 5 కంటే కింద, లవణం తక్కువగా ఉన్నప్పుడు, అయాన్ నీటి తొడుగుతోనే పొరల మధ్యకు మార్పిడి అవుతుంది. వేడితో ఇందులో వచ్చే తేడా కొద్దిగానే. పీహెచ్ 6 దాటాక మట్టి అంచుల్లోని హైడ్రాక్సిల్ చోట్లు పనిచేస్తాయి. అక్కడ అయాన్ కొంత నీటిని వదిలి నేరుగా బంధం పెట్టుకోవాలి, దానికి ఉష్ణం కావాలి. వదిలిన నీటి అణువులు స్వేచ్ఛగా తిరగడంతో ఎంట్రోపీ (అణువుల చెదురుదనం) పెరిగి పని ముందుకు సాగుతుంది. అందుకే ఈ బంధం వేడితో బలపడుతుంది. ఎంథాల్పీ (ఈ బంధానికి పీల్చుకునే ఉష్ణం) మోల్‌కు 30 కిలోజౌళ్లు అనుకుని లెక్క వేస్తే, 25 నుంచి 80 డిగ్రీలకు పంపిణీ గుణకం (మట్టి పట్టినదానికీ ద్రావణంలో మిగిలినదానికీ నిష్పత్తి) ఆరున్నర రెట్లు అవుతుంది. ఇది ఉదాహరణకు వేసిన లెక్క, మీ మట్టికి మీరు కనీసం మూడు ఉష్ణోగ్రతల్లో కొలవాలి.

లవణం ఎక్కువైతే ఇంకో సంగతి బయటపడుతుంది. సోడియం గుంపు మార్పిడి చోట్లను ఆక్రమించేస్తుంది, మిగిలేవి అంచులే. అక్కడ బరువైన (లుటీషియం వైపు) రేర్ ఎర్త్‌లు తేలికవాటికంటే (లాంథనం వైపువాటికంటే) ఎక్కువ పడతాయి. లవణం తక్కువగా ఉన్న సీసాలో ఈ తేడా పెద్దగా కనబడదు. అంటే రేర్ ఎర్త్‌లను ఒకదాన్నుంచి ఒకటి వేరు చేయడం మీ లక్ష్యమైతే ఉష్ణోగ్రత కంటే ముందు ఉప్పును సరిచేసుకోవాలి.

అందరూ పడే గుంట ఒకటి ఇక్కడే ఉంది. వేడితో నీరే మారిపోతుంది. 25 డిగ్రీల్లో తటస్థ పీహెచ్ 7, 60 డిగ్రీల్లో సుమారు 6.5, 100 డిగ్రీల్లో 6.1. రేర్ ఎర్త్ అయాన్లు హైడ్రాక్సైడ్ వైపు జరిగే పీహెచ్ కూడా వేడితో కిందికి దిగుతుంది. మామూలు ఉష్ణోగ్రతలో లాంథనం మొదటి జలవిశ్లేషణ (నీటిని చీల్చి హైడ్రాక్సైడ్‌ను పట్టుకోవడం) పీకే విలువ 8.8 దగ్గర, లుటీషియంది 7.3 దగ్గర ఉంటుంది, అంటే బరువైనవి తక్కువ పీహెచ్‌లోనే జారతాయి. 25 డిగ్రీల్లో పీహెచ్ 7 పెట్టి, సీసాను 80 డిగ్రీల్లో ఉంచి, "అబ్బ, మట్టి 99 శాతం పట్టేసింది" అని సంబరపడేవాళ్లున్నారు. అందులో కొంత పట్టింది మట్టి కాదు, సీసా అడుగున హైడ్రాక్సైడ్‌గా దిగిపోయింది. మట్టి లేకుండా అదే ద్రావణాన్ని అదే వేడిలో పక్కన పెట్టి చూడకపోతే ఇది తెలిసే దారి లేదు. పీహెచ్ మీటర్‌ను కూడా ఆ ఉష్ణోగ్రతలోనే, అదే ఉష్ణోగ్రతలో ఉన్న బఫర్‌తో సరిచేయాలి.

100 దాటితే మూత బిగించిన, టెఫ్లాన్ తొడుగున్న ఆటోక్లేవ్ తప్పదు, దానికి 200 చుట్టుపక్కలే హద్దు. ఆ వేడిలో మాంట్‌మోరిల్లోనైట్ పట్టిన రేర్ ఎర్త్‌లో కొంత భాగం ఉప్పుకు తిరిగి రావడం మానేస్తుంది. పొరల మధ్య అయాన్ తన చుట్టూ ఉన్న నీటిని చీల్చి హైడ్రాక్సీ రూపంలోకి మారడం దీనికి ఒక కారణం.

వేడి పట్టాక తగిలితే

తాళం వేయాలనుకునేవాళ్ల దారి ఇది. మాంట్‌మోరిల్లోనైట్‌కు అయాన్ పట్టించి, కడిగి, ఎండబెట్టి, 200 నుంచి 300 డిగ్రీలకు వేడి చేస్తే పొరలు దగ్గరపడి, నీటి తొడుగు ఊడిన అయాన్ పొరల ఆక్సిజన్ల మధ్య ఇరుక్కుంటుంది. నీళ్లు పోసినా అంతా తిరిగి తెరుచుకోదు. పెట్రోలియం శుద్ధిలో వాడే వై రకం జియోలైట్ ఉత్ప్రేరకాల్లో లాంథనాన్ని నిలబెట్టేదీ ఇదే ఎత్తు: మార్పిడి చేసి, కాల్చి, అయాన్‌ను చిన్న గూళ్లలోకి దించేస్తారు. మట్టిలో గూళ్లు లేవు, పొరలున్నాయి, అంతే.

కేయోలినైట్‌తో ఈ ఎత్తు అంతగా సాగదు. మూసుకోవడానికి దాని పొరల మధ్య తలుపే తెరిచి లేదు కదా, అయాన్ ఉన్నదంతా పైన, అంచుల్లో.

ఈ దశలో సీరియంను నమ్మకండి. గాలిలో వేడి చేస్తే నాలుగు ఆవేశాలకు ఆక్సీకరణ చెంది సీరియం ఆక్సైడ్‌గా మారుతుంది. "గట్టిగా పట్టుకుంది" అనిపించేది మట్టి గొప్పతనం కాకపోవచ్చు. యూరోపియంకు వ్యతిరేక బలహీనత ఉంది, ఆక్సిజన్ లేని వేడి నీటిలో రెండు ఆవేశాలకు దిగే మొగ్గు చూపుతుంది. మొత్తం వరసకు ప్రతినిధిగా ఒక్కటే ఎంచుకోవాలంటే నియోడిమియం నయం.

మరి ఎవరు ఏది తీసుకోవాలి

పల్చటి ద్రావణంలోంచి రేర్ ఎర్త్‌ను పట్టి మళ్లీ వెనక్కి తీసుకోవాలంటే కాల్చని మట్టి, పీహెచ్ 5 చుట్టుపక్కల, గది ఉష్ణోగ్రత నుంచి 60 డిగ్రీల లోపు. సెంట్రిఫ్యూజ్ ఉంటే మాంట్‌మోరిల్లోనైట్, లేకపోతే కేయోలినైట్. పట్టిన మట్టిని మధ్యలో ఎండబెట్టవద్దు, తడిమీదే ఉప్పుతో కడగండి. వర్మిక్యులైట్ సామర్థ్యం చూసి ఆశపడితే ఒక మెలిక గుర్తుంచుకోవాలి: అమ్మోనియం, పొటాషియం అయాన్లు దాని పొరలను 10 ఆంగ్‌స్ట్రామ్‌లకు మూసేస్తాయి. అమ్మోనియం సల్ఫేట్‌తో తీద్దామని పోస్తే అంచుల దగ్గర తలుపులు మూసుకుని, రేర్ ఎర్త్ లోపలే చిక్కుతుంది. దానికి మెగ్నీషియం లవణం వాడాలి.

ముడి మట్టిలోంచి రేర్ ఎర్త్ తీయాలంటే, అది అయాన్ రూపంలో ఉందో ఖనిజపు రేణువుల్లో ఉందో ముందు తేల్చుకోవాలి. అయాన్ రూపమైతే కాల్చడం నష్టమే, సులువుగా వచ్చేదాన్ని మీ చేతులతో మీరే బిగించినట్టు. బొగ్గుతో పాటు వచ్చే బంకమట్టి వ్యర్థంలో అయితే లెక్క తారుమారు: అక్కడ 600 డిగ్రీల దగ్గర కాలిస్తే యాసిడ్‌కు దిగుబడి పెరుగుతుంది.

అణు వ్యర్థాల అడ్డుగోడ గురించి ఆలోచించేవాళ్లది వేరే ప్రపంచం. అక్కడ అమెరీషియం, క్యూరియం అయాన్లకు బదులుగా, రసాయనంగా వాటికి దగ్గరగా ఉండే యూరోపియంతో ప్రయోగాలు చేస్తారు. పట్టుకున్నది ఎన్ని వేల ఏళ్లయినా వదలకూడదు, కాబట్టి వేడి బంధాన్ని బలపరిస్తే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ మట్టి ఉబ్బి పగుళ్లను మూసే గుణం కూడా కావాలి. వేడి, పొటాషియం కలిసి దీర్ఘకాలంలో మాంట్‌మోరిల్లోనైట్‌ను ఇల్లైట్‌గా మారుస్తాయి, ఉబ్బడం పోతుంది. అణు వ్యర్థాన్ని భూగర్భ శిలలో పూడ్చడానికి స్వీడన్ రూపొందించిన కేబీఎస్-3 పద్ధతిలో బెంటొనైట్ 100 డిగ్రీలు దాటకూడదని హద్దు పెట్టింది ఇలాంటి భయాలతోనే. ఇక్కడ మాంట్‌మోరిల్లోనైట్‌కు పోటీ లేదు, కానీ దాన్ని చల్లగా ఉంచాలి.

ఏది ఎంచుకున్నా ప్రయోగంలో కొన్ని చిన్న పనులు వదలకూడదు. ముడి బెంటొనైట్‌లో కాల్సైట్ ఉంటే పీహెచ్ ఎక్కి రేర్ ఎర్త్ కార్బొనేట్‌గా దిగిపోతుంది, ముందే పీహెచ్ 5 అసిటేట్ బఫర్‌తో కాల్సైట్‌ను కరిగించి, సోడియం క్లోరైడ్‌తో సోడియం రూపంలోకి మార్చి, సిల్వర్ నైట్రేట్ పరీక్షలో క్లోరైడ్ కనబడనంత వరకు కడగాలి. గాజు సీసాలు అయాన్‌ను మింగుతాయి, ప్లాస్టిక్ వాడండి. ఐసీపీ-ఎంఎస్‌తో (అయాన్లను ద్రవ్యరాశిని బట్టి లెక్కించే పరికరంతో) యూరోపియం కొలిచేటప్పుడు మట్టిలోంచి వచ్చిన బేరియం ఆక్సైడ్‌గా మారి, యూరోపియం 151, 153 రెండు చోట్లా దొంగ సంకేతం ఇస్తుంది.

తాళం నిజంగా పడిందా లేదా చూడాలంటే, పట్టించిన మట్టిని రెండు భాగాలు చేసి ఒకదాన్ని వేడి చేయండి, రెండోదాన్ని తడిగా ఉంచండి. రెండింటినీ ఒకే గాఢత ఉప్పుతో, ఒకే గంటలు కడగండి. బయటికొచ్చిన అయాన్ల మధ్య తేడాయే వేడి బిగించిన వాటా. లేజర్ అందుబాటులో ఉంటే యూరోపియం వెలుగు ఎంతసేపు నిలుస్తుందో కొలిస్తే ఇంకా నేరుగా తెలుస్తుంది. నీటిలో తొమ్మిది అణువుల తొడుగుతో ఉన్నప్పుడు ఆ ఆయువు 110 మైక్రోసెకన్లు. వేడి చేసిన మట్టిలో 190 వచ్చిందంటే నీళ్లు అయిదుకు తగ్గినట్టు. ఈ కొలత వేడి చేసిన నమూనాను గాలి తగలకుండా ఒకసారి, నీళ్లలో ఒక రోజు నానబెట్టాక ఇంకోసారి తీయాలి. నానాక కూడా ఆయువు 110కి దిగకపోతే ఆ అయాన్ మళ్లీ తొడుగు వేసుకోలేదన్నమాట.